అన్నం మానేసి నాలుగు నెలలు, ఇప్పుడు జుట్టు రాలుతోంది: ఏం చేయాలి?

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ భార్యకు 34 ఏళ్లు. నాలుగు నెలల కింద 69 కిలోలు, ఇప్పుడు 57. అన్నం బంద్, పాలు బంద్, పండ్లు బంద్. మధ్యాహ్నం మూడింటికి రెండు జొన్న రొట్టెలు, ఒక కూర, మిగతా రోజంతా బ్లాక్ టీ. ఇప్పుడు జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతోంది, రెండు నెలలుగా నెలసరి రాలేదు, ప్రతి చిన్నదానికీ చిరాకు. మొన్న మిర్యాలగూడలో పెళ్లికి వెళ్లి బగారన్నం తిని, ఇంటికొచ్చి ఏడ్చి, రెండు రోజులు ఏమీ ముట్టలేదు. కూతురు సన్నబడడం చూసి 61 ఏళ్ల మీ అత్తమ్మ కూడా అదే మొదలుపెట్టారు. ఆమెకు షుగర్ ఉంది, పొద్దున గ్లిమిపిరైడ్ బిళ్ల వేసుకుంటారు. దీన్ని మాన్పించాలా, సాగనివ్వాలా, చెబితే వినని మనిషికి ఎలా చెప్పాలి అన్నది మీ ప్రశ్న.

నేను 24 ఏళ్లుగా నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. మీరు అడిగింది ఎక్కువగా మీ భార్య గురించే. కానీ నేను మీ అత్తమ్మతో మొదలుపెడతాను, ఎందుకంటే ఈ రెండింటిలో ఆలస్యం పనికిరానిది ఆమె సంగతే.

గ్లిమిపిరైడ్ పని ఏమిటంటే, క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయించడం. ఆ రోజు మీరు తిన్నారా, లేదా అని అది చూడదు. పొద్దున బిళ్ల వేసుకుని మధ్యాహ్నం మూడింటిదాకా బ్లాక్ టీతో ఉంటే రక్తంలో షుగర్ దిగిపోతూనే ఉంటుంది. జడ్చర్ల దగ్గర ఒక కిరాణా షాపాయన నాకు తెలుసు. ఇట్లాగే అన్నం మానేసి పూటభోజనం మొదలుపెట్టాడు, బిళ్లలు మాత్రం పాతవే. ఒకరోజు పదకొండు గంటలకు బియ్యం బస్తా మీద కూర్చుని, చొక్కా మొత్తం తడిసి, కొడుకును తమ్ముడి పేరుతో పిలుస్తున్నాడట. 'పొద్దుపొద్దున్నే తాగిండనుకున్నం మేడం' అని కొడుకే చెప్పాడు. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి షుగర్ 41. అదృష్టం బాగుంది, బతికాడు.

కాబట్టి ఈ రోజే ఆమెకు బిళ్లలు రాసే డాక్టర్‌కు ఫోన్ చేయండి. తిండి ఇంత తగ్గింది, బిళ్ల మోతాదు ఏం చేయమంటారు అని అడగండి. మీ అంతట మీరు అన్ని బిళ్లలూ ఆపేయొద్దు. డాక్టర్ చెప్పేదాకా ఆమె పొద్దున్నే ఏదో ఒకటి తిని తీరాలి, అందులో బేరం లేదు. చెమటలు, వణుకు, గుండె దడ, మాట తడబడడం కనిపిస్తే మూడు నాలుగు చెంచాల చక్కెరో గ్లూకోజో నీళ్లలో కలిపి తాగించండి, పదిహేను నిమిషాలకు మళ్లీ షుగర్ చూడండి, తగ్గే ఉంటే మళ్లీ ఇవ్వండి, తేరుకున్నాక భోజనం పెట్టండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. ఇంకొక్క మాట. ఆమె బిళ్లల అట్ట మీద చివర 'గ్లిఫ్లోజిన్' అని ముగిసే పేరు ఏదైనా ఉందేమో చూడండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి. ఆ మందు వాడుతూ పిండిపదార్థం బాగా తగ్గిస్తే, మీటర్‌లో షుగర్ మామూలుగానే కనిపిస్తున్నా, కొవ్వు కరిగేటప్పుడు పుట్టే కీటోన్ల ఆమ్లం ఒంట్లో పేరుకుపోవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తాయి. 'షుగర్ నార్మలే కదా' అని ఇంట్లో కూర్చుంటే ప్రాణం మీదికి వస్తుంది.

బీపీ బిళ్ల కూడా వాడుతుంటే దానికీ ఇదే వర్తిస్తుంది. బరువు తగ్గి, ఉప్పు తగ్గి, బిళ్ల మాత్రం పాత మోతాదులోనే ఉంటే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. ఆ వయసులో బాత్రూంలో పడితే తుంటి ఎముకే విరుగుతుంది.

ఇక మీ భార్య.

ముందు ఆమె ప్లేటు లెక్క చూద్దాం. మన ఇళ్లలో ఒక జొన్న రొట్టెకు 60 గ్రాముల దాకా పిండి పడుతుంది. రెండు రొట్టెలంటే 120 గ్రాములు, సుమారు 400 కేలరీలు. కూర, అందులో నూనె కలిపి ఇంకో 150, 200. మొత్తం 600. ప్రొటీన్ చూస్తే జొన్నల నుంచి 12 గ్రాములు, ఆనిగెపుకాయ కూరో బెండకాయ కూరో అయితే ఇంకో రెండు మూడు గ్రాములు. జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. ఆమెకు అది 47 గ్రాములు. అందులో మూడో వంతు కూడా అందడం లేదు. తగ్గిన 12 కిలోల్లో కొవ్వు ఎంత, కండ ఎంత అని ఎవరైనా అడిగారా? కండ కరిగినా వేయింగ్ మెషిన్ మీద ముల్లు దిగుతుంది, మనకు సంతోషంగానే ఉంటుంది.

వారానికి ముప్పావు కిలో తగ్గడం మరీ భయపడాల్సిన వేగం కాదు. వారానికి కిలోన్నర దాటి తగ్గేవాళ్లకు పిత్తాశయంలో రాళ్లు వచ్చే ప్రమాదం ఎక్కువ. ఆమెకు అంత లేదు. నాకు భయం కలిగిస్తున్నది వేగం కాదు, ఆ 15 గ్రాముల ప్రొటీన్, రాని నెలసరి, పెళ్లి తర్వాత ఏడుపు.

జుట్టు గురించి మీకున్న టెన్షన్ కొంత తగ్గిస్తాను. ఒంటికి తిండి కరువు వచ్చినప్పుడు శరీరం పొదుపు చేస్తుంది. గుండె, మెదడు ఆగకూడదు, వెంట్రుక ఆగినా ఫర్వాలేదు. పెరుగుతున్న వెంట్రుకలు చాలా భాగం ఒకేసారి విశ్రాంతి దశలోకి పోతాయి, రెండు మూడు నెలల తర్వాత అవన్నీ కలిసి రాలతాయి. అందుకే డైట్ మొదలుపెట్టిన కొత్తలో ఏమీ తెలియదు, 'ముఖం కళ వచ్చింది' అని చుట్టాలు మెచ్చుకునే రోజుల్లో దిండు మీద వెంట్రుకలు మొదలవుతాయి. దేవరకొండ వైపు నుంచి ఒకామె నా దగ్గరికి పాలిథిన్ కవర్ పట్టుకుని వచ్చింది. నిండా వెంట్రుకలు, ఉండ చుట్టి ఉన్నాయి. ఊళ్లలో వెంట్రుకలు తీసుకుని స్టీలు గిన్నెలు ఇచ్చేవాళ్లు తిరుగుతారు కదా, వాళ్ల కోసం దాస్తున్నదట. 'ఎప్పుడు చిన్న గిన్నె ఇస్తుండె మేడం, ఈసారి బేసిన్ వస్తది' అని నవ్వింది. నవ్వుతూనే కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమె కూడా మూడున్నర నెలలు ఒక్కపూట మీద ఉన్న మనిషే. తిండి సరిచేసిన ఆరు నెలలకు నుదుటి మీద చిన్న చిన్న కొత్త వెంట్రుకలు నిలబడ్డాయి. మీ ఆవిడకూ వస్తాయి. నూనెలు మార్చడం వల్ల కాదు, తినడం వల్ల. జుట్టు కోసం బయోటిన్ బిళ్లలు కొని ఉంటే, థైరాయిడ్ పరీక్షకు రెండు మూడు రోజుల ముందు ఆపించండి. బయోటిన్ ఆ పరీక్ష అంకెలనే తారుమారు చేస్తుంది, లేని జబ్బు ఉన్నట్టు చూపిస్తుంది.

నెలసరి రాకపోతే అన్నిటికంటే ముందు చేయాల్సింది గర్భ పరీక్ష. మెడికల్ షాపులో కిట్ దొరుకుతుంది. 'డైట్ వల్లే' అని అందరూ ఊరుకుని, చివరికి మూడో నెల అని తేలిన కేసు నేనే చూశాను. అది కాదని తేలితే అప్పుడు తిండి సంగతి. శరీరానికి అందే శక్తి ఒక హద్దు కంటే తగ్గితే మెదడులోని హైపోథాలమస్ అండాశయాలకు పంపే సంకేతాలు తగ్గిస్తుంది. పిల్లను మోసే స్తోమత ఇప్పుడు లేదు అని శరీరమే తలుపు వేసుకుంటుంది. దాంతో ఈస్ట్రోజన్ తగ్గుతుంది, ఈస్ట్రోజన్ తగ్గితే ఎముకల్లో బలం తగ్గుతుంది. 'నెల నెలా బాధ తప్పింది' అని సంతోషపడే అమ్మాయిలను చూస్తే నాకు భయం వేస్తుంది.

ఎముకల మాట వచ్చింది కాబట్టి మన జిల్లా సంగతి ఒకటి చెప్పాలి. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు మన పెద్దవాళ్ల వంగిన నడుములు మనకు కొత్త కాదు. ఇప్పుడు కృష్ణా నీళ్లు నల్లాల్లో వస్తున్నాయి, కానీ చిన్నప్పుడు ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లు తాగి పెరిగిన తరం ఇంకా మన ఇళ్లలోనే ఉంది. ఒంట్లో కాల్షియం, ప్రొటీన్, విటమిన్ సి తక్కువైతే ఫ్లోరైడ్ చేసే కీడు ఎక్కువవుతుంది. మీ భార్య పాలు, పెరుగు మానేసింది, పప్పు మానేసింది, పండ్లు మానేసింది. పైగా రోజంతా బ్లాక్ టీ. టీ ఆకులోనే ఫ్లోరైడ్ బాగా ఉంటుంది. తిండిలోని ఇనుమును ఒంటికి పట్టకుండా చేసేది కూడా ఆ టీయే. ఏ ఊళ్లోనో కూర్చుని ఎవరో వీడియోలో చెప్పిన డైట్‌కు మన నీళ్ల సంగతి ఏం తెలుసు? ఇంకా బోరు నీళ్లే వాడే ఇల్లయితే టీ రెండు కప్పులకు తగ్గించి, సల్ల (మజ్జిగ) తాగమనండి.

జొన్న రొట్టె తింటే మంచిదే కదా మేడమ్ అంటారు. నేనూ తింటాను. కానీ లెక్క తెలిసి తినాలి. వంద గ్రాముల బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాములు, వంద గ్రాముల జొన్నల్లో 68. తేడా పది గ్రాములు. జొన్నల్లో పీచు ఎక్కువ, ప్రొటీన్ కాస్త ఎక్కువ, రొట్టె నమిలి తినాలి కాబట్టి త్వరగా కడుపు నిండినట్టు ఉంటుంది, అంతవరకు లాభం. 'అన్నం విషం, జొన్న అమృతం' అనేది మాత్రం కట్టుకథ. మన దక్కన్ నేలలోనే జొన్న తప్ప వేరే ఏమీ దొరకని పేద కూలీలకు పెల్లాగ్రా అనే జబ్బు వచ్చేది. మెడ చుట్టూ, చేతుల మీద ఎండ తగిలేచోట చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి, మతి చెదురుతుంది. నియాసిన్ అనే బి విటమిన్ లోపం అది. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్‌కు దీనిలో పాత్ర ఉందని హైదరాబాద్ పోషకాహార పరిశోధకులు గోపాలన్, శ్రీకాంతియా 1960లో రాశారు. జొన్న చెడ్డదని నేను చెప్పడం లేదు. జొన్నతో పాటు ఇంత పప్పు, ఇన్ని పల్లీలు, ఇంత సల్ల ఉన్న ఇంట్లో ఎవరికీ పెల్లాగ్రా రాలేదు. ఆ రోజుల్లో లేక ఒక్క గింజ మీద బతికారు. ఇప్పుడు ఉండి, డబ్బులు పెట్టి మరీ, ఒక్క గింజకు దిగుతున్నాం.

నిజానికి మానేయడం మనకు కొత్తేం కాదు. మన ఇళ్లలో బాలింత పత్యం చూడండి. ఎల్లిపాయ కారం అన్నం, ఆకుకూర వద్దు, పండు వద్దు, నీళ్లు కూడా కొలిచి పోస్తారు. పాలు పట్టే తల్లికి అది ఎంత నష్టమో చెప్పి చెప్పి నాకు నోరు నొప్పి పుట్టింది. పచ్చకామెర్లు వచ్చిన పిల్లాడికి నెల రోజులు చప్పిడి కూడు పెట్టే ఊళ్లు ఇంకా ఉన్నాయి. కొత్త డైట్లు ఆ పత్యానికి మనవళ్లే. కొన్నేళ్ల కింద కొబ్బరినూనె తాగే డైట్ రెండు రాష్ట్రాలనూ ఊపింది, అంతకుముందు ఉప్పు నూనె లేని వంట, తర్వాత చిరుధాన్యాలు, ఇప్పుడు పదహారు గంటల ఉపవాసం. ఒక్కోదానిలో ఒక్కో మంచి ముక్క ఉంది, కాదనను. చిత్రమేమిటంటే అన్నిటిలోనూ జనానికి నచ్చేది 'పూర్తిగా మానేయండి' అనే మాటే. ఎందుకంటే పూర్తిగా మానేయడమే తేలిక. అన్నం అసలే తినొద్దు అంటే ఆలోచించే పని లేదు. గరిటెన్నర తిని ఆపు అంటే ప్రతి పూటా మనసుతో పంచాయితీ.

ఈ పంచాయితీలో నేనూ ఓడినదాన్నే. నాకు 38 ఏళ్లప్పుడు, ఇంట్లో ఒక పెళ్లికి ముందు, వారం రోజులు ఒట్టి కూరగాయల సూప్ మీద ఉన్నాను. చదువుకున్నదాన్ని, పదిమందికి చెప్పేదాన్ని. నాలుగు రోజులకే రెండున్నర కిలోలు తగ్గాను, అద్దం ముందు తెగ మురిసిపోయాను. ఆరో రోజు రాత్రి పదకొండు గంటలకు వంటింట్లో లైటు కూడా వేయకుండా, సకినాల డబ్బా ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చుని ఉన్నాను. ఎన్ని తిన్నానో తెలియదు. డబ్బా అడుగున నువ్వులు చేతికి తగిలాక ఆగాను. పది రోజుల్లో ఆ రెండున్నర కిలోలు తిరిగి వచ్చాయి.

అవి అంత వేగంగా పోయి, అంత వేగంగా ఎందుకు వచ్చాయో చెబుతాను, ఇది మీ భార్యకు తప్పక తెలియాలి. మన కాలేయంలో, కండరాల్లో అరకిలో దాకా పిండిపదార్థం గ్లైకోజన్ రూపంలో నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాము దాదాపు మూడు గ్రాముల నీళ్లను పట్టుకుని ఉంటుంది. అన్నం మానేసిన మొదటి వారంలో ఆ నిల్వ ఖాళీ అవుతుంది, నీళ్లు మూత్రంలో పోతాయి. ముల్లు దిగుతుంది. మళ్లీ తినగానే నిల్వ నిండుతుంది, నీళ్లు తిరిగి చేరతాయి, ముల్లు ఎక్కుతుంది. ఇందులో కొవ్వు ప్రమేయం చాలా తక్కువ. ఇది తెలియకనే మీ ఆవిడ పెళ్లిలో ఒక్క పూట బగారన్నం తిని, మర్నాడు మెషిన్ ఎక్కి, కిలో పెరిగానని కుప్పకూలి ఉంటుంది.

ఆ చిరాకు, ఆ ఏడుపు గురించి కూడా ఒక మాట. దాన్ని ఆమె స్వభావం అనుకోకండి. 1944, 45ల్లో అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు, వాళ్లు ఒప్పుకున్నాకే, 24 వారాలు సగం తిండి పెట్టి చూశాడు. రోజుకు సుమారు 1,600 కేలరీలు. మళ్లీ చదవండి, 1,600. మీ ఇంట్లో నడుస్తున్నది 600. ఆ యువకులు పావు వంతు బరువు తగ్గారు. ఎప్పుడూ చలి అనేవాళ్లు, చిన్నదానికి కోపం, స్నేహితులతో మాటలు తగ్గాయి. వంటల పుస్తకాలు చదువుతూ కూర్చునేవాళ్లు, ప్లేట్లు నాకేవాళ్లు. తిండి మళ్లీ మొదలుపెట్టాక ఎంత తిన్నా ఆకలి తీరలేదన్నవాళ్లు ఉన్నారు. వాళ్లెవరికీ ముందు మానసిక సమస్య లేదు, ఏరి కోరి ఆరోగ్యంగా ఉన్నవాళ్లనే తీసుకున్నారు. ఆకలి మనిషిని అట్లా చేస్తుంది. మీ భార్య రాత్రిళ్లు ఫోన్‌లో బిర్యానీ వీడియోలు చూస్తుందని రాశారు కదా, వింతేమీ లేదు.

అయితే కఠినమైన డైట్ ఎప్పటికీ పనికిరాదా అంటే, నేను ఆ మాట అనను. 2017లో బ్రిటన్‌లో వచ్చిన ఒక పరిశోధన ఫలితం చూడండి, దాని పేరు డైరెక్ట్. టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లకు మూడు నుంచి అయిదు నెలలు రోజుకు సుమారు 850 కేలరీల ద్రవాహారం ఇచ్చారు. ఏడాది తర్వాత అందులో 46 శాతం మందికి మందులు లేకుండానే షుగర్ అదుపులో ఉంది. చాలామంది ఇక్కడిదాకా చదివి ఆపేస్తారు. వాళ్లు ఎలా చేశారో కూడా చూడాలి. డైట్ మొదలైన రోజే షుగర్, బీపీ మందులు ఆపించారు. ఇచ్చిన ద్రవంలో ప్రొటీన్, విటమిన్లు, ఖనిజాలు లెక్క ప్రకారం ఉన్నాయి. ఆ తర్వాత రెండు నుంచి ఎనిమిది వారాలు తీసుకుని మామూలు తిండిని మెట్టు మెట్టుగా తిరిగి పెట్టారు. అసలు మొదలు పెట్టేటప్పుడే ఎలా దిగాలో రాసుకున్నారు. మన దగ్గర ఎక్కేటప్పుడు గట్టు కనిపిస్తుంది, దిగే మెట్లు ఎవరూ కట్టరు. చెట్టెక్కిన పిల్లి పరిస్థితి.

మీ భార్యకు ఇప్పుడు కావాల్సింది ఆ దిగే మెట్లే. 'అన్నం తిను' అని మీరు ఎంత అరిస్తే ఆమె అంత గట్టిగా పట్టుకుంటుంది. కాబట్టి అన్నం జోలికి ముందు వెళ్లకండి. మొదట పూట పెంచండి. పొద్దున తొమ్మిది లోపల రెండు ఉడికించిన గుడ్లు, లేదా గుప్పెడు పెసర గుడాలు, ఒక గ్లాసు సల్ల. అందులో ఆమె భయపడే బియ్యం లేదు, చక్కెర లేదు. పది రోజులు ఇదే. రెండు గుడ్లతోనే 12, 13 గ్రాముల ప్రొటీన్ అదనంగా పడుతుంది. తర్వాత మధ్యాహ్నం రొట్టె పక్కన గట్టి పప్పు ఒక కప్పు. పుంటికూర పప్పో, గంగవాయిలి కూర పప్పో, సీజన్ అయితే చింతచిగురు పప్పో, ఆమెకు ఏది ఇష్టమైతే అది. సాయంత్రం ఒక జామకాయ, గుప్పెడు పల్లీలు. పాలమూరు పల్లీల గురించి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు, వంద గ్రాముల ఎండు గింజల్లో 23 గ్రాములకు పైగా ప్రొటీన్ ఉంటుంది. నూనెలో వేయించినవి కాదు, ఉడకబెట్టినవి. రాత్రికి తైదల (రాగుల) జావ సల్లలో కలిపి. తైదల్లో వంద గ్రాములకు 360 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, ఎముకలకు అది కావాలి.

మూడు, నాలుగు వారాలకు అన్నం రావచ్చు. ఒక చిన్న గరిటె, ముందు రెండు ముద్దలు పప్పుతో, చివరి ముద్ద పెరుగుతో. ఆ రోజు ఒక రొట్టె తగ్గించండి, అప్పుడు 'అదనంగా తిన్నాను' అనే గుబులు ఉండదు. మరో మూడు వారాలకు పెళ్లిలో అందరితో కూర్చుని తినగలిగేలా ఉండాలి. అన్నానికి అంతకంటే పెద్ద పరీక్ష పెట్టక్కర్లేదు.

బరువు సంగతి ముందే చెప్పి పెట్టండి. ఇది మరిచిపోతే నేను రాసిందంతా వృథా. 'మొదటి రెండు వారాల్లో కిలో, కిలోన్నర పెరుగుతావు, అది నీళ్లు, మేడం ముందే రాసింది' అని చూపించండి. రోజూ మెషిన్ ఎక్కడం ఆపించి, పదిహేను రోజులకు ఒకసారి, పొద్దున్నే చూడమనండి. అడుగున కండ పోయింది కాబట్టి తినడంతో పాటు ఏదైనా బరువు ఎత్తే పని కూడా కావాలి. జిమ్మే కానక్కర్లేదు, నీళ్ల సీసాలతో చేతులకు, కుర్చీలోంచి లేచి కూర్చోవడం కాళ్లకు, రోజు మార్చి రోజు ఇరవై నిమిషాలు. కండ రాకుండా బరువు మాత్రమే తిరిగి వస్తే, పాత 69 కంటే కొత్త 69లో కొవ్వు ఎక్కువ ఉంటుంది.

మాటల విషయంలో, తమ్ముడూ, కొంచెం ఓపిక పట్టండి. 'ఎంత సన్నబడ్డవ్' అని చుట్టాలు అన్న ప్రతిసారీ ఆమెకు అది బహుమతి. ఆ బహుమతిని మీరు తిట్టి లాక్కోలేరు. ఆమె ఎందుకు మొదలుపెట్టిందో అడిగారా? నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో సగం మంది ఏదో ఒక ఫంక్షన్‌లో, ఏదో ఒక నోటి నుంచి పడ్డ మాటతోనే మొదలుపెట్టినవాళ్లు. కూరలో చాటుగా నూనె పోయడం, పిండిలో బియ్యప్పిండి కలపడం మాత్రం చేయొద్దు. ఒక్కసారి తెలిసిందంటే మీ ఇంటి వంట మీదే నమ్మకం పోతుంది. ఆమె దాచుకుని ఒక్కసారిగా తింటున్నా, తిన్నాక వాంతి చేసుకుంటున్నా, 57 కిలోలున్నా ఇంకా లావుగానే ఉన్నానంటున్నా, అది డైటీషియన్ ఒక్కరితో అయ్యే పని కాదు. సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లండి. వెంటనే వెళ్లడానికి మొహమాటమైతే టెలీ మానస్ 14416 నంబర్‌కు ఫోన్ చేయొచ్చు, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు.

పరీక్షల విషయానికొస్తే గర్భ పరీక్ష తర్వాత రక్తం మొత్తం పరీక్ష, ఫెరిటిన్ (ఇనుము నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), బీ12, విటమిన్ డీ, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), పొటాషియం చేయించండి. మన రాష్ట్రంలో ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. డైట్‌కు ముందే ఆమెకు రక్తం తక్కువ ఉండి ఉంటుందని నా అనుమానం. ఒక్క మాట అడగడం మరిచాను. ఇంట్లో మామూలు అయోడిన్ ఉప్పు మాని సైంధవ లవణం వాడుతున్నారా? ఈ డైట్లలో అది కూడా ఒక అలవాటు. అందులో సాధారణంగా అయోడిన్ కలపరు, అదే అయితే వెనక్కి మార్చండి.

నెలసరి మళ్లీ రావడానికి తిండి సర్దుకున్నాక కూడా రెండు మూడు నెలలు పట్టొచ్చు. అంతకంటే ఆలస్యమైతే గైనకాలజిస్ట్‌కు చూపించండి. హార్మోన్ బిళ్లలతో రప్పించుకుని 'వచ్చింది కదా' అని మళ్లీ ఒక్కపూటకు వెళ్లిన వాళ్లున్నారు, అది నెలసరి వచ్చినట్టు కాదు.

రిపోర్టులు వచ్చాక హిమోగ్లోబిన్, ఫెరిటిన్, టీఎస్‌హెచ్ అంకెలు ఇక్కడే రాయండి, వాటిని బట్టి ప్లేటు మార్చి చెబుతాను. ఆమె ఒక్క వారం ఏం తిన్నదో, ఏ టైముకు తిన్నదో ఆమే స్వయంగా రాసి ఇస్తే ఇంకా మంచిది. మీ అత్తమ్మ బిళ్ల సంగతి మాత్రం రిపోర్టుల దాకా ఆగొద్దు, డాక్టర్‌కు ఈ పూటే ఫోన్ చేయండి. రేపు పొద్దున ఆమె ఏం తిన్నారో కూడా రాయండి.